ఐపీ అడ్రస్‌ను బట్టి పాఠకుడి ఊరు తెలుసుకోవాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

పలాసలో మొబైల్‌లో వార్తలు చదువుతున్న మనిషికి సైటు హైదరాబాద్ వాతావరణం చూపిస్తుంది. రెండు ఊళ్ల మధ్య దూరం 600 కిలోమీటర్ల పైమాటే. ఫిర్యాదులు రాగానే సైటు నడిపేవారికి వచ్చే ఆలోచన ఒకటే: ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) ఏ ఊరిదో చెప్పే ఉచిత డేటాబేస్ వాడుతున్నాం కాబట్టి ఇలా జరుగుతోంది, డబ్బు పెట్టి మంచిది కొంటే సరిపోతుంది. తెలుగు సైట్లకు సాంకేతిక పని చేసే నాకు ఈ మాట తరచూ వినిపిస్తుంది. కొనే ముందు తప్పు ఎక్కడ పుడుతోందో చూడమని చెబుతాను. పలాస పాఠకుడి విషయంలో ఎంత ఖరీదైన డేటాబేస్ అయినా అదే తప్పు చేసే అవకాశం ఎక్కువ. అతని అన్న న్యూజెర్సీలో ఇంటి వైఫై మీద అదే వార్త చదువుతుంటే, ఉచిత డేటాబేసే ఊరి దాకా సరిగ్గా చెప్పవచ్చు.

ఈ తేడాకు కారణం తెలియకుండా ధరల పట్టికలు పోల్చి చూసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అందుకే ముందు కారణం, ఆ తర్వాతే ఎంపిక.

అడ్రస్‌లో ఊరు ఉండదు

ల్యాండ్‌లైను నంబరు ముందు 0891 ఉంటే అది విశాఖపట్నమని మనకు తెలుసు. ఐపీ అడ్రస్‌లో అలాంటి కోడ్ ఏదీ లేదు. ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి అడ్రస్‌లు పంచే ఏపీనిక్ అనే సంస్థ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. మన దేశంలో ఆ పంపకం పనిని నిక్సీ సంస్థలో భాగమైన ఐరిన్ చూస్తుంది. ఇంటర్నెట్ కంపెనీలు వీరి దగ్గర అడ్రస్‌ల బ్లాకులు తీసుకుంటాయి. ఈ సంస్థల రిజిస్ట్రీలో, అంటే పంపకాల పట్టికలో, నమోదయ్యేది కంపెనీ పేరు, దాని ఆఫీసు చిరునామా. ఆ బ్లాకును ఈ నెల తిరుపతిలో వాడి, వచ్చే నెల వరంగల్‌కు మార్చుకోవడం కంపెనీ ఇష్టం.

అందువల్ల డేటాబేస్ కంపెనీలు చేసేది అంచనా మాత్రమే. రిజిస్ట్రీ రికార్డులు, రౌటర్ల పేర్లలో దొరికే ఊళ్ల సంక్షిప్త రూపాలు, పింగ్ సమయాలు (చిన్న సందేశం అవతలి యంత్రానికి వెళ్లి రావడానికి పట్టే సమయం), నెట్‌వర్క్ కంపెనీలు స్వయంగా ప్రకటించే జాబితాలు, ఇతర మార్గాల్లో దొరికిన లొకేషన్ సమాచారం, ఇవన్నీ కలిపి ఒక్కో బ్లాకుకు ఒక ఊరు రాసుకుంటాయి. కంపెనీకి కంపెనీకి తేడా వచ్చేది ఈ కలపడంలోనే.

ఇక మొబైల్ డేటా సంగతి. ఐపీవీ4లో, అంటే పాత తరహా అడ్రస్‌లలో, ఫోనుకు సొంత బహిరంగ అడ్రస్ సాధారణంగా ఉండదు. ఎంతోమంది ఒకే అడ్రస్‌ను పంచుకుంటారు. ఈ పంపకం లోపలి వైపు వాడకం కోసమే 2012లో 100.64.0.0/10 అనే బ్లాకును ప్రత్యేకంగా పక్కన పెట్టారు. ఫోను నుంచి బయలుదేరిన డేటా టవర్ దాటి, కంపెనీ సొంత నెట్‌వర్క్‌లో ప్రయాణించి, గేట్‌వే దగ్గర బయటి ఇంటర్నెట్‌లో కలుస్తుంది. మన సర్వర్‌కు కనిపించేది ఆ గేట్‌వే అడ్రసే. గేట్‌వేలు సాధారణంగా పెద్ద నగరాల్లోనే ఉంటాయి. డేటాబేస్ హైదరాబాద్ అని చెప్పినప్పుడు గేట్‌వే విషయంలో అది సరైన జవాబే. మనం అడిగింది మాత్రం గేట్‌వే గురించి కాదు.

తెలుగు రాష్ట్రాలకు దీనిపైన మరో చిక్కు ఉంది. టెలికాం లైసెన్సుల లెక్కలో దేశాన్ని 22 సర్కిళ్లుగా విభజించారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనా లైసెన్సు సర్కిల్ మాత్రం విడిపోలేదు. ఆదిలాబాద్, శ్రీకాకుళం రెండూ నేటికీ ‘ఆంధ్రప్రదేశ్’ సర్కిల్‌లోనే ఉన్నాయి. నెట్‌వర్క్‌ను సర్కిల్ వారీగా అమర్చుకున్న కంపెనీ ఒకే చోటి గేట్‌వేతో రెండు రాష్ట్రాలకూ సేవ అందించవచ్చు. కర్ణాటక పాఠకుడి విషయంలో రాష్ట్రమైనా సరిపోయే అవకాశం ఉంది. మన దగ్గర మొబైల్ మీద వచ్చిన మనిషి ఆంధ్రుడో తెలంగాణవాడో అడ్రస్ ఒక్కదాన్ని చూసి చెప్పడం సాహసమే. రాష్ట్రాన్ని బట్టి వేర్వేరు వార్తలు, వేర్వేరు ప్రభుత్వ పథకాల సమాచారం చూపించే సైట్లకు ఇది చిన్న విషయం కాదు.

అడ్రస్‌లకు కొరత లేని కొత్త తరహా ఐపీవీ6 వస్తే ఈ బాధ తీరుతుందని కొందరి ఆశ. ఐపీవీ6 వాడకంలో మన దేశం ఇప్పటికే ప్రపంచంలో ముందు వరుసలో ఉంది, ఫోనుకు సొంత అడ్రస్ కూడా దొరుకుతోంది. కానీ ఆ అడ్రస్ కూడా గేట్‌వే దగ్గరి నిల్వ నుంచే వస్తుంది కాబట్టి ఊరి సంగతి మునుపటిలాగే ఉంటుంది.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్ తీరు వేరు. కనెక్షన్ కదలదు, పెద్ద కంపెనీలు చాలాచోట్ల నగరాల వారీగా బ్లాకులు కేటాయిస్తాయి, అందువల్ల నగరం దాకా అంచనా బాగానే కుదురుతుంది. చిన్న కేబుల్ ఆపరేటర్లు పై కంపెనీ నుంచి తీసుకున్న కొద్దిపాటి అడ్రస్‌లనే చందాదారులందరికీ పంచుతారు, కాబట్టి అక్కడ మళ్లీ కష్టమే. ఆఫీసు ల్యాప్‌టాప్ హైటెక్ సిటీలో ఉన్నా, కంపెనీ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) సింగపూర్‌లో ఉంటే పాఠకుడు సింగపూర్‌లో తేలతాడు. మనిషి వేరే చోట ఉన్నట్టు చూపించే వీపీఎన్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆపిల్ ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే కూడా అసలు అడ్రస్‌ను దాస్తుంది. అయితే ఆపిల్ తన రిలే అడ్రస్‌ల జాబితాను ప్రాంతాల పేర్లతో సహా బహిరంగంగా ఉంచుతుంది, డేటాబేస్‌లు దాన్ని వాడుకోగలవు.

ఎంత తప్పును భరించగలరు?

ఎంపికలో మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఏ దేశమో తెలిస్తే చాలా? రాష్ట్రం కావాలా? జిల్లా కావాలా? దేశం వరకైతే ఉచితమైనవి కూడా గట్టిగానే నిలబడతాయి. కిందికి దిగేకొద్దీ నమ్మకం వేగంగా పడిపోతుంది. జిల్లా విషయంలో మనకు అదనంగా ఇంకో ఇబ్బంది ఉంది. తెలంగాణలో జిల్లాలు 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. ప్రపంచమంతటికీ ఒకే అచ్చులో తయారయ్యే డేటాబేస్‌లలో ప్రధానంగా ఉండేవి దేశం, రాష్ట్రం, నగరం. ఊరి పేరు నుంచి జిల్లాను మన సొంత పట్టికతోనే తేల్చుకోవాలి. ఊరి పేరుతో కాకుండా, డేటాబేస్ ఇచ్చే జియోనేమ్స్ (ప్రపంచంలోని ఊళ్ల పేర్ల జాబితా) గుర్తింపు సంఖ్యతో ఆ పట్టికను కట్టుకోండి. హైదరాబాద్ అనే నగరం పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా ఉంది.

డేటాబేస్ అక్షాంశ రేఖాంశాలు ఇస్తుంది కదా, మ్యాపులో చుక్క పెట్టేద్దాం అనుకునేవారు అమెరికాలోని కాన్సస్ కథ తప్పకుండా తెలుసుకోవాలి. ఒక అడ్రస్ అమెరికాది అని తప్ప ఇంకేమీ తెలియనప్పుడు ఆ దేశం నడిబొడ్డున ఒక బిందువు చూపించాలని, ఇలాంటి డేటాబేస్‌లు తయారుచేసే మ్యాక్స్‌మైండ్ కంపెనీ 2000ల మొదట్లో నిర్ణయించింది. అసలు కేంద్రబిందువు అంకెలు చిందరవందరగా ఉన్నాయని వాటిని సవరించి 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం అని గుండ్రంగా పెట్టింది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక రైతు కుటుంబం పొలంలో పడింది. 2016లో దీనిపై వార్తా కథనం వచ్చేసరికి ఆ ఒక్క బిందువుకు 60 కోట్లకు పైగా అడ్రస్‌లు ముడిపడి ఉన్నాయి. దొంగలించిన ఫోన్లు వెతుక్కుంటూ, మోసగాళ్ల జాడ తీస్తూ, తప్పిపోయినవారి కోసం ఆరా తీస్తూ పోలీసులు, దర్యాప్తు అధికారులు, కోపంతో ఊగిపోయే అపరిచితులు ఏళ్ల తరబడి ఆ ఇంటికి వచ్చారు. అక్కడ ఉన్నవారికి కారణమే తెలియదు. కథనం వెలువడ్డాక కంపెనీ ఆ బిందువును విచిటా నగరానికి పడమర ఉన్న ఒక జలాశయం మధ్యకు మార్చింది. ఆ ఇంట్లో ఉన్న దంపతులు కోర్టుకు వెళ్లారు.

డేటాబేస్‌లో అంకె ఉండటం వేరు, ఆ అంకె నిజమని తెలియడం వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల ఏ పాపం ఎరుగని కుటుంబం ఇన్నేళ్లు బాధపడింది. నేను ఎవరికి సలహా ఇచ్చినా ఈ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లను. మీ సైటులో అక్షాంశ రేఖాంశాలు నేరుగా చూపించే తెర ఏదైనా ఉంటే ఈ రోజే తీసేయండి.

ఉచిత డేటాబేస్‌లు

మ్యాక్స్‌మైండ్ జియోలైట్ అందరికీ తెలిసినది. 2019 డిసెంబరు 30 నుంచి ఖాతా తెరిచి లైసెన్సు కీ తీసుకుంటేనే దిగుమతి చేసుకోనిస్తున్నారు. కొత్త ఫైలు వచ్చిన 30 రోజుల్లోపు పాతది తీసేయాలన్నది షరతు. నాకు ఇందులో బాగా నచ్చింది కచ్చితత్వ వ్యాసార్థం అనే గడి. ఊరి పేరు పక్కనే, అసలు స్థలం ఆ బిందువు నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపు ఉండవచ్చో రాసి ఉంటుంది. చాలామంది ఈ గడిని చదవనే చదవరు. అందులో 20 ఉన్న జవాబును, 500 ఉన్న జవాబును ఒకే రకంగా వాడేస్తారు. పైసా ఖర్చు లేకుండా కచ్చితత్వం పెంచుకోవాలంటే మొదట చేయాల్సిన పని ఈ గడిని చదవడమే. 50 లోపు ఉంటే నగరం చూపించండి, దాటితే రాష్ట్రంతో ఆగండి, మరీ పెద్దదైతే దేశంతో సరిపెట్టుకోండి.

డీబీ-ఐపీ లైట్ నెలకోసారి కొత్తది వస్తుంది, ఖాతా అవసరం లేదు, వారి పేరు, లింకు మీ సైటులో పెడితే చాలు. మలేసియాలోని పెనాంగ్ నుంచి నడిచే ఐపీ2లొకేషన్ కూడా లైట్ రకాన్ని పేరు ప్రస్తావన షరతుతో ఇస్తుంది. ఐపీఇన్ఫో ఉచితంగా ఇచ్చేది దేశం, నెట్‌వర్క్ వివరాలు మాత్రమే. నగరం ఉండదు. అది లోపమని నేను అనుకోను. దేశం చాలనుకునేవారికి అదే తగిన ఎంపిక, ఎందుకంటే నగరం గడి లేనప్పుడు దాన్ని తప్పుగా వాడే ప్రమాదం కూడా లేదు. పైగా నెట్‌వర్క్ నంబరు (ఒక్కో కంపెనీ నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్‌లో ఉండే గుర్తింపు సంఖ్య), దాని యజమాని పేరు చేతికి వస్తాయి. వాటి విలువ గురించి తర్వాత చెబుతాను.

డబ్బు పెట్టి కొనేవి

అదే కంపెనీల ఖరీదైన రకాల్లో సాధారణంగా సమాచారం మరింత సూక్ష్మంగా, తాజాగా ఉంటుంది. అడ్రస్ మొబైల్‌దా, ఇంటిదా, డేటా సెంటర్‌దా, వీపీఎన్‌దా అని చెప్పే గడులు కూడా వీటిలోనో, వీటితో పాటు అమ్మే ఉత్పత్తుల్లోనో దొరుకుతాయి. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది ఆ గడుల కోసమే. నగరం కోసం కొంటే మన ప్రాంతంలో నిరాశే మిగలవచ్చు. మ్యాక్స్‌మైండ్ సైటులో దేశాల వారీగా కచ్చితత్వం చూపించే పేజీ ఉంది. అక్కడ ఒకసారి భారతదేశాన్ని, ఒకసారి అమెరికాను ఎంచుకుని, మొబైల్‌కు, బ్రాడ్‌బ్యాండ్‌కు విడివిడిగా అంకెలు చూడండి. ప్రకటనల్లోని ఒకే ఒక్క శాతం కంటే ఆ పేజీ ఎక్కువ నిజం చెబుతుంది.

కొనాలనుకుంటే ఫైలుగా తీసుకోవాలా, ఏపీఐగానా (ప్రతిసారీ వారి సర్వర్‌ను అడిగే పద్ధతి) అన్నది తర్వాతి ప్రశ్న. ఫైలు మీ సర్వర్‌లోనే ఉంటుంది, జవాబు తక్షణం వస్తుంది, పాఠకుల అడ్రస్‌లు బయటికి పోవు. ఏపీఐ ఎప్పుడూ తాజాగా ఉంటుంది కానీ ప్రతి పాఠకుడి అడ్రస్‌నూ మూడో పక్షానికి పంపినట్టే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చిన దేశంలో, వాతావరణం పెట్టె కోసం ఆ పని చేయడం నాకు సమ్మతం కాదు. రోజుకు కొద్ది చెల్లింపులను మాత్రమే పరిశీలించే సైటుకైతే ఏపీఐ సరైనదే.

సీడీఎన్ ఇచ్చే హెడర్

సీడీఎన్ అంటే మీ పేజీలను పాఠకుడికి దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ. మీ సైటు క్లౌడ్‌ఫ్లేర్ వెనుకో, అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్ వెనుకో ఉంటే పాఠకుడి దేశం ప్రతి అభ్యర్థనతో పాటు హెడర్‌లో, అంటే దానికి జత చేసిన సమాచారంలో, వచ్చే ఏర్పాటు అక్కడే ఉంది. సెట్టింగులు మార్చుకుంటే నగరం కూడా వస్తుంది. వేరే ఫైలు, నవీకరణ అవసరం లేదు. చిన్న బృందాలకు ఇదే సుఖం. కానీ నగరాన్ని బట్టి పేజీ మారుస్తూ కాషింగ్ (ఒకసారి తయారైన పేజీని దాచి తర్వాతివారికీ అదే ఇవ్వడం) సంగతి మరిచిపోతే ఒక ఊరివారికి వెళ్లిన పేజీ మరో ఊరివారికి వెళ్తుంది. పేజీ అందరికీ ఒకటే ఉంచి, ఊరికి సంబంధించిన పెట్టెను మాత్రం విడిగా తెప్పించుకోండి.

పింగ్‌తో దూరం కొలవడం

ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, ఎందుకంటే ఇక్కడ అంచనాకు భౌతికశాస్త్రం అడ్డుకట్ట వేస్తుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పింగ్ వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను పట్టిందంటే అవతలి యంత్రం 100 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండటం అసాధ్యం. చెన్నై నుంచి కొలిస్తే 2 మిల్లీసెకన్లు వచ్చిన సర్వర్‌ను డేటాబేస్ ఢిల్లీలో చూపిస్తే, తప్పు డేటాబేస్‌దే. అందులో వాదనకు చోటు లేదు. వేర్వేరు ఊళ్ల నుంచి కొలిచి, ఒక్కో కొలతకు ఒక్కో వృత్తం గీస్తే, అవన్నీ కలిసే ప్రాంతంలోనే యంత్రం ఉంటుంది.

2001లో వెంకట పద్మనాభన్, లక్ష్మీనారాయణన్ సుబ్రమణియన్ ప్రచురించిన పరిశోధనతో ఈ దారి బలపడింది. రౌటర్ల పేర్లను బట్టి, పింగ్ ఆలస్యాన్ని బట్టి, అడ్రస్‌ల గుంపులను బట్టి ఊరు అంచనా వేసే మూడు పద్ధతులను వారు పక్కపక్కన పెట్టి పోల్చారు. నేటి డేటాబేస్‌లు కూడా చాలావరకు ఆ మూడింటినే రకరకాలుగా కలుపుతున్నాయి. 2011లో మరో బృందం, వెబ్‌సైట్లలో రాసి ఉన్న ఆఫీసు చిరునామాలను ఆనవాళ్లుగా తీసుకుని, మధ్యస్థ దోషం 690 మీటర్లకు తగ్గించామని ప్రకటించింది. 2023లో వేరే పరిశోధకులు అదే పద్ధతిని మళ్లీ అమలు చేసి చూస్తే ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాలేదు, దోషం పదుల కిలోమీటర్లలో తేలింది. వీధి దాకా చెప్పగలమనే అమ్మకందారు ఎదురైనప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఈ కొలతలు మీరే చేయాలంటే రైప్ అట్లాస్ ఉంది. 2010లో మొదలైన ఆ నెట్‌వర్క్‌లో 10 వేలకు పైగా కొలత పరికరాలు ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాయి. అయితే దీన్ని పాఠకుల మీద ప్రయోగించవద్దు. ఫోన్లు, ఇంటి రౌటర్లు చాలాసార్లు పింగ్‌కు జవాబివ్వవు. మొబైల్‌లో ఎంత బాగా కొలిచినా దొరికేది మళ్లీ గేట్‌వే స్థలమే. సర్వర్ల స్థలం తేల్చడానికి, రెండు డేటాబేస్‌లు తగువులాడుకున్నప్పుడు ఏది అసాధ్యమో చెప్పడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

అడిగి తెలుసుకోవడం

తెలుగు సైట్లు దీన్ని ఎందుకు ఇంత తక్కువగా వాడతాయో నాకు నిజంగా అంతుపట్టదు. ‘మీ జిల్లా ఎంచుకోండి’ అని పేజీ పైన ఒక చిన్న పెట్టె పెట్టి, జవాబును కుకీలో దాచుకుంటే, ఆ పాఠకుడి విషయంలో ఏ డేటాబేసూ మిమ్మల్ని మించలేదు. అతను హైదరాబాద్‌లో ఉంటూ సొంత జిల్లా ప్రకాశం వార్తలు చదవాలనుకుంటే ఆ కోరిక కూడా తీరుతుంది. ఊరు వదిలి వచ్చిన తెలుగువారు లక్షల్లో ఉన్నారు. వారికి కావాల్సిన ఊరు, వారు ఉన్న ఊరు వేరువేరు. ఐపీ అడ్రస్ ఎప్పటికీ చెప్పలేని విషయం ఇది.

బ్రౌజర్ లొకేషన్ అనుమతి దీనికి తోడు. జీపీఎస్, చుట్టుపక్కల వైఫై ఆధారంగా ఫోను చెప్పే స్థలం ఐపీ అంచనాకు అందనంత దగ్గరగా ఉంటుంది. సైటు హెచ్‌టీటీపీఎస్‌లో ఉండాలి, పాఠకుడు ఒప్పుకోవాలి. పేజీ తెరవగానే అనుమతి అడిగితే చాలామంది నిరాకరిస్తారు, నిరాకరించిన తర్వాత మళ్లీ అడిగే వీలు కూడా పోతుంది. ‘మా ఊరి వాతావరణం’ అనే బటన్ పెట్టి, అది నొక్కినప్పుడే అడగండి.

కొనే ముందు మీ పాఠకులతోనే పరీక్షించండి

అమ్మకందారు చెప్పే శాతాలు ప్రపంచ సగటులో, దేశ సగటులో ఉంటాయి. మీకు కావాల్సింది మీ పాఠకుల లెక్క. జిల్లా స్వయంగా ఎంచుకున్న పాఠకులు, లేదా సరుకు చేరిన పిన్‌కోడ్‌లు, వారి అనుమతితోనే, మీ దగ్గర నిజం తెలిసిన జాబితాగా ఉంటాయి. ఆర్డరు పెట్టిన చోటు, సరుకు చేరిన చోటు ఒకటే కానవసరం లేదు కాబట్టి పిన్‌కోడ్‌ల జాబితాను కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఈ జాబితా మీద రెండు మూడు డేటాబేస్‌లను నడిపి, జిల్లా ఎంతమందికి సరిపోయింది, రాష్ట్రం ఎంతమందికి సరిపోయింది, తప్పినప్పుడు మధ్యస్థ దూరం ఎంత అన్నవి రాసుకోండి. సగటు దూరం వద్దు. దుబాయ్‌లో తేలిన ఒక్క వీపీఎన్ సగటునంతా పాడు చేస్తుంది.

అసలు కీలకం ఆ లెక్కను విడగొట్టడంలో ఉంది. మొబైల్, ఇంటి బ్రాడ్‌బ్యాండ్, ఆఫీసు నెట్‌వర్క్ అని మూడుగా, అందులో మళ్లీ ఐపీవీ4, ఐపీవీ6 అని విడిగా చూడండి. నెట్‌వర్క్ నంబరు విలువ ఇక్కడే తెలుస్తుంది. జియో నెట్‌వర్క్ నంబరు 55836, బీఎస్ఎన్ఎల్‌ది 9829. ఏ నంబరు నుంచి వచ్చిన పాఠకుల విషయంలో మీ డేటాబేస్ తడబడుతోందో పట్టిక గీస్తే కొన్ని నంబర్ల దగ్గరే తప్పులు పోగుపడటం కనిపిస్తుంది. ఆ నంబర్ల నుంచి వచ్చినవారికి నగరం ఊహించడం మానేసి జిల్లా పెట్టె చూపించండి. తప్పు జవాబులు అమాంతం తగ్గుతాయి, దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు.

మూడు డేటాబేస్‌లు ఒకే ఊరు చెప్పాయి కాబట్టి అదే నిజమని నమ్మడం చాలామంది చేసే పొరపాటు. మూడూ ఒకే రిజిస్ట్రీ రికార్డు చదివి ఉండవచ్చు. అవి విభేదించినప్పుడు మాత్రం ఆ సమాచారం పనికొస్తుంది: అక్కడ నమ్మకం తగ్గించుకోవాలని అర్థం. బ్రౌజర్‌లోని టైమ్‌జోన్ కూడా ఇలాంటి తనిఖీకి పనికొస్తుంది. అడ్రస్ ఫ్రాంక్‌ఫర్ట్ అంటూ, టైమ్‌జోన్ భారతదేశానిది, భాష తెలుగు అయితే మధ్యలో ఏదో ప్రాక్సీ ఉందనుకోవచ్చు.

ఎవరికి ఏది

జిల్లా వార్తలు, వాతావరణం చూపించే సైటుకు: దేశం కోసం ఉచిత డేటాబేస్, మన రెండు రాష్ట్రాల లోపల జిల్లా పెట్టె. మొబైల్ మీద వచ్చినవారికి ఊహించిన ఊరు చూపించవద్దు. డల్లాస్, న్యూజెర్సీ పాఠకులకు నగరం చూపించుకోండి, అక్కడ ఇంటి కనెక్షన్ల మీద అది బాగానే పనిచేస్తుంది.

సరుకులు పంపే సైటుకు పిన్‌కోడ్ అడగడమే ఉత్తమం. ఐపీతో ముందే నింపి ఉంచిన తప్పు పిన్‌కోడ్‌ను కొనుగోలుదారు గమనించకపోతే సరుకు వేరే ఊరికి పోతుంది. ఖాళీ గడి అంతకంటే మేలు. సినిమాలు, ఆటల ప్రసార హక్కులు దేశం వారీగా ఉన్నవారికి మాత్రం ఖరీదైన డేటాబేస్, దానితో పాటు వీపీఎన్ గుర్తింపు రెండూ కావాలి. అక్కడ తప్పుకు ఒప్పందాల్లో జరిమానా ఉంటుంది.

మీరే ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆపరేటర్ అయితే మీ చేతిలో అందరికంటే మంచి మందు ఉంది. మీ చందాదారులు వేరే రాష్ట్రంలో ఉన్నట్టు కనిపిస్తున్నారంటే, ఏ బ్లాకు ఏ ఊళ్లో వాడుతున్నారో ఒక సీఎస్‌వీ ఫైలులో (కామాలతో విడదీసిన పట్టిక) రాసి మీ సైటులో పెట్టండి. దీన్ని జియోఫీడ్ అంటారు. 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8805 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో దాని రూపం ఉంది: బ్లాకు, దేశం కోడ్, రాష్ట్రం కోడ్, ఊరు. ఆ ఫైలు ఎక్కడుందో రిజిస్ట్రీ రికార్డులో ఎలా చెప్పాలో 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9632 వివరిస్తుంది. పెద్ద డేటాబేస్ కంపెనీలు ఇలాంటి ఫైళ్లను చదువుతాయి. ఒక్క జాగ్రత్త: తెలంగాణ కోడ్. రాష్ట్రాల కోడ్‌ల అంతర్జాతీయ జాబితా ఐఎస్ఓ 3166-2లో మొదట ఐఎన్-టీజీ ఉండేది, 2023 చివర్లో దాన్ని ఐఎన్-టీఎస్‌గా మార్చారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం వాహనాల నంబర్లను టీఎస్ నుంచి టీజీకి మార్చింది. ఫైలులో ఐఎస్ఓ కోడే రాయాలి, బండి నంబరు ప్లేటు చూసి రాయకూడదు. ఇలాంటి ఫైళ్లను చదివే ప్రోగ్రామ్ రాసేవారు రెండు కోడ్‌లనూ తెలంగాణగానే గుర్తించేలా రాయాలి, పాత ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

మోసాల నివారణకైతే ఊరి పేరుకు అతి తక్కువ బరువు ఇవ్వండి. అలవాటైన నెట్‌వర్క్ నుంచి హఠాత్తుగా డేటా సెంటర్ అడ్రస్‌కు మారడం, గంట తేడాలో రెండు దేశాలు, ఇలాంటివే అసలు సంకేతాలు. నిజంగా నేరం జరిగి పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వస్తే, డేటాబేస్ చెప్పిన ఊరు వారికి ఉపయోగపడదు. ఆ క్షణంలో ఆ అడ్రస్ ఏ చందాదారు దగ్గర ఉందో చెప్పగలిగేది ఇంటర్నెట్ కంపెనీయే. ఎంతోమంది ఒకే అడ్రస్ పంచుకునే మొబైల్‌లో ఆ జవాబు దొరకాలంటే అడ్రస్‌తో పాటు సోర్స్ పోర్టు నంబరు (ఒకే అడ్రస్ మీది కనెక్షన్లను వేరు చేసే సంఖ్య), సెకను దాకా సరైన సమయం కూడా కావాలి. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6302 సర్వర్లన్నీ ఈ రెండూ నమోదు చేయాలని సూచించింది. సాధారణంగా వెబ్ సర్వర్లు సమయాన్ని నమోదు చేస్తాయి కానీ పోర్టును మాత్రం లాగ్ (సర్వర్ రాసుకునే రికార్డు) అమరికలో మనమే చేర్చుకోవాలి. లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలని దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. మీ సర్వర్ అమరికలో పోర్టు గడి ఉందో లేదో చూసుకుని, లేకపోతే చేర్చండి.